16 కోర్ల సర్వర్ మిషన్ ఇంట్లో గేములకు పనికొస్తుందా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని కమిటీ తమ్ముళ్ళు అడిగినప్పుడు మా గదిలో పెద్ద చర్చే జరిగింది. హాస్టల్ జ్ఞాపకాల మీద ప్రతి ఏడూ వ్యాసాలు వస్తాయి, వాటిని మాకంటే బాగా రాసేవాళ్ళు ఉన్నారు. మేము ముగ్గురం ఎం.సి.ఏ. చదువుతున్నాం కాబట్టి, ఈ రెండేళ్ళలో జూనియర్లు మమ్మల్ని ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఒకటి తీసుకున్నాం. కంపెనీలు వాడి తీసేసిన సర్వర్ మిషన్లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయి కదా, వాటిలో ఒకటి కొని ఇంట్లో గేములకు వాడుకోవచ్చా?

"గేములకా?" అని ముఖం చిట్లించే పెద్దలు ఉంటారు. హాస్టల్లో సీటు ఇచ్చింది చదువుకోవడానికా, ఆడుకోవడానికా అని మాతోనే ఒకరిద్దరు అన్నారు. వాళ్ళ మాటను మేము కొట్టిపారెయ్యం. కానీ మన పిల్లల్లో చాలామంది మౌస్ పట్టుకున్నది డిగ్రీ మొదటి సంవత్సరంలోనే. హైస్కూల్లో కంప్యూటర్ గది ఉండేది, దానికి తాళం కూడా ఉండేది. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లలు పదేళ్ళ వయసుకే గేము నడవడం కోసం డ్రైవర్లు వేసుకొని, ర్యామ్ మార్చుకొని, నాలుగుసార్లు ఫార్మాట్ కొట్టుకొని, ఆ ఆటలోనే సగం హార్డ్‌వేర్ నేర్చుకున్నారు. మనకు ఆ ఆటా దొరకలేదు, దానితో వచ్చే చదువూ దొరకలేదు. కాబట్టి గేము కోసం కంప్యూటర్ కొనాలనుకోవడంలో తప్పేమీ లేదని మా అభిప్రాయం. ఇంటిల్లిపాదీ కూడబెట్టిన డబ్బు ఎలాంటి పెట్టె మీద పెడుతున్నామన్నదే చూసుకోవాలి.

ఇంకో సంగతి కూడా మనలో మనం చెప్పుకోవచ్చు. సర్వర్ అనే మాటలో ఒక గౌరవం ఉంది. "అమ్మా, గేములాడుకోవడానికి కంప్యూటర్ కొంటా" అని ఇంట్లో చెప్పలేం. "సర్వర్ కొంటున్ననమ్మా, రేపు నౌకరికి పనికొస్తది" అని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు. మమ్మల్ని అడిగినవాళ్ళలో సగం మందికి ఆ మిషన్ మీద మనసు పోయింది కోర్లను చూసి కాదు, ఆ మాటను చూసే.

ఈ ఏడు సంక్రాంతి సెలవులకు ముందు డిగ్రీ ఫైనలియర్ తమ్ముడొకడు మా గదికి వచ్చాడు. మిర్యాలగూడ దగ్గర పల్లె వాళ్ళది. నాన్న రైసు మిల్లులో హమాలీ, అమ్మ కూలికి పోతుంది. ఇంట్లో ఇంటర్ చదివే తమ్ముడు, తొమ్మిదో తరగతి చెల్లె ఉన్నారు. కంప్యూటర్ కోసమని అమ్మ మహిళా సంఘంలో 35 వేలు లోను తీసింది. "అన్నా, సికింద్రాబాద్‌ల చూసిన. రెండు జియాన్ ప్రాసెసర్లు, 16 కోర్లు, 32 థ్రెడ్లు, 64 జీబీ ర్యామ్. మొత్తం 24 వేలకే ఇస్తడంట. అయే పైసలకు కొత్తది కొంటె 4 కోర్లది గూడ సక్కగ రాదు. తీసుకుందమా?" అన్నాడు. లెక్క పైకి బాగానే ఉంది. ఆదివారం పోయి చూద్దామన్నాం.

అసలు ఇవి అంత చవగ్గా ఎందుకు వస్తాయో ముందు తెలుసుకోవాలి. వాడు చూసిన మిషన్లో ఉన్నది ఇంటెల్ జియాన్ ఈ5-2670. 2012 మార్చిలో విడుదలైంది. ఒక్కో చిప్‌లో 8 కోర్లు, 16 థ్రెడ్లు. మామూలు వేగం 2.6 గిగాహెర్ట్జ్, అవసరమైతే 3.3 దాకా పోతుంది. విడుదలైన నాడు ఒక్క చిప్ ధర 1,500 డాలర్ల పైమాటే. పెద్ద కంపెనీలు, డేటా సెంటర్లు కొన్నేళ్ళకొకసారి మిషన్లన్నీ మార్చేస్తాయి. చెడిపోయి కాదు, అదే కరెంటుకు, అదే జాగాలో కొత్తవి ఎక్కువ పని చేస్తాయి కాబట్టి. అలా మార్చినప్పుడు పాతవి వేలకు వేలు ఒక్కసారే బయటికి వస్తాయి. ఇళ్ళల్లో వాటికి గిరాకీ లేదు. అందుకే 2016 నాటికి ఇదే చిప్ పాత సామాను బజారులో 100 డాలర్ల లోపుకు దిగింది. ఆ రోజుల్లో దీన్ని కొని ఇంటి కంప్యూటర్ కట్టుకున్నవాళ్ళది తెలివైన పనే. 2016లో ఇంటెల్ మామూలు ఇళ్ళకు అమ్మే ఐ7లో ఉన్నవి 4 కోర్లే మరి. కానీ 2017లో ఏఎండీ వాళ్ళ రైజెన్ వచ్చాక ఇంటి కంప్యూటర్లలోనే 6, 8 కోర్లు మామూలైపోయాయి. పాత సర్వర్ చిప్‌కు ఉన్న ఒక్క ఎక్కువ గుణం అలా పోయింది.

2025 చివర్లో మెమరీ ధరలు ఒక్కసారిగా పెరగడంతో ఈ పాత సర్వర్ల మీద మళ్ళీ చూపు పడింది. 64 జీబీ ర్యామ్ పెట్టెతోపాటే వస్తుందంటే ఎవరికి ఆశ పుట్టదు?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే సీటీసీ, మన అన్నల్లో చాలామందికి తెలిసిందే. అక్కడికి కొంచెం దూరంలో ఒక గోదాములో ఆ మిషన్ ఉంది. పెద్ద టవర్ ఆకారం, ముగ్గురం పట్టుకొని బల్ల మీదకు ఎక్కించాం. ఎలక్ట్రికల్ చదివే మిత్రుడి దగ్గర ప్లగ్గులో పెట్టే వాట్ మీటర్ అడిగి తీసుకుపోయాం. యజమాని మంచివాడు. మేము విద్యార్థులమని తెలిసి తన దగ్గరున్న పాత గ్రాఫిక్స్ కార్డు ఒకటి పెట్టి, గేము ఎక్కించి చూసుకోనిచ్చాడు. స్విచ్ వెయ్యగానే ఫ్యాన్లన్నీ ఒక్కసారి పూర్తి వేగంతో లేచాయి. పక్క దుకాణం పిల్లవాడు ఏమైందోనని తొంగి చూశాడు. కాసేపటికి హోరు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

జీటీఏ 5 పెట్టాం. 2015లో కంప్యూటర్లకు వచ్చిన గేము. దానికి అప్పట్లో కంపెనీ సిఫారసు చేసింది ఐ5-3470 అనే 4 కోర్ల చిప్. కాబట్టి ఇక్కడ నడిచింది, ఆడుకునేట్టుగానే నడిచింది. ఆడుతూ మధ్యలో టాస్క్ మేనేజర్ తెరిచి చూశాం. 32 గడులు కనపడ్డాయి. నాలుగైదు గడుల్లో గీత పైకి లేచి ఉంది, అందులో ఒకటి కప్పు తాకుతోంది. మిగతావన్నీ నేలకు పడుకొని ఉన్నాయి. మా తమ్ముడు దాన్ని చూసి, "గివన్ని పని చేస్తలేవు గద అన్నా" అన్నాడు. దుకాణం యజమాని నవ్వాడు.

ఇదెందుకు జరుగుతుందో మన మెస్సును చూస్తే అర్థమవుతుంది. మెస్సులో 16 మంది వంటవాళ్ళు ఉన్నారనుకుందాం. 200 మందికి వంటంటే 16 మందికీ పనే. ఒకరు బియ్యం కడుగుతారు, ఒకరు కూరగాయలు కోస్తారు, ఒకరు పప్పు తాలింపు పెడతారు. ఎవరి పని వాళ్ళది, ఒకరి కోసం ఒకరు ఆగనక్కర్లేదు. సర్వర్ పని అలాంటిదే. వెయ్యి మంది రిజల్ట్స్ చూసుకుంటుంటే వెయ్యి పనులూ విడివిడివి. గేము అలా కాదు. ఒక్కడు పీట మీద కూర్చొని వేడి వేడి దోశ, దాని వెనుకే ఇంకోటి అంటుంటే, పెనం ఒకటే, పొయ్యి ఒకటే. పిండి పోసింది కాలితేనే తిప్పాలి, తిప్పితేనే తియ్యాలి, తీస్తేనే రెండోది పొయ్యాలి. మిగతా 15 మంది చట్నీ రుబ్బి, పళ్ళేలు కడిగి కొంత సాయం చేస్తారు. ఆ తర్వాత చేతులు కట్టుకొని నిలబడవలసిందే. అక్కడ కావలసింది చెయ్యి తిరిగిన ఒక్క వంటవాడు.

సెకనుకు 60 బొమ్మలు కనపడితేనే గేము సాఫీగా ఉంటుంది. అంటే ఒక్కో బొమ్మకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు, సెకనులో అరవయ్యో వంతు. ఆ కాస్త టైములో మనం నొక్కిన మీట తెలియాలి, దాన్ని బట్టి బండి ఎటు తిరిగిందో తేలాలి, తిరిగితే గోడకు తగిలిందో లేదో తేలాలి, అది తేలాకే ఏమి గియ్యాలో గ్రాఫిక్స్ కార్డుకు చెప్పాలి. ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ ఈ వరుసను చాలావరకు ఒక్క కోరే లాగాలి. జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజనీరు 1967లోనే ఈ సంగతి చెప్పాడు. ఆయన పేరుతో ఉన్న సూత్రం మన సిలబస్‌లోనూ ఉంది. పనిలో సగం వరుసగా చెయ్యవలసిందే అయితే, మిగతా సగానికి లక్ష కోర్లు పెట్టినా మొత్తం వేగం రెండింతలు దాటదు. పరీక్షకు బట్టీ పట్టిన ఆ సూత్రం టాస్క్ మేనేజర్‌లో కళ్ళముందు కనపడుతుంటే మాకు భలే సంతోషం వేసింది. ఇప్పటి గేములు 6, 8 కోర్ల దాకా బాగానే వాడుకుంటున్నాయి, అది నిజమే. 16 దగ్గరికి వచ్చేసరికి లాభం బాగా సన్నగిల్లుతుంది.

మరి ఒక్కో కోరు బలమెంత? ఇక్కడ గిగాహెర్ట్జ్ అంకె చూసి మోసపోకూడదు. 2012 చిప్‌లో 3.3కూ ఈనాటి చిప్‌లో 3.3కూ పోలిక లేదు. ఒక్క టిక్కుకు చేసే పనే పెరిగింది. 2022 జనవరిలో వచ్చిన ఐ3-12100ఎఫ్ అనే చిన్న చిప్ తీసుకోండి. కోర్లు 4, వేగం 4.3 గిగాహెర్ట్జ్ దాకా, కరెంటు అంచనా 58 వాట్లు. దాని ఒక్క కోరు ఈ5-2670 ఒక్క కోరుకంటే రెండింతలకు తక్కువ కాకుండా పని చేస్తుంది. జియాన్‌కు రాసి ఉన్నది 115 వాట్లు, రెండు చిప్‌లంటే 230. ఇంటెల్ వాళ్ళు ఇళ్ళకు అమ్మే చిన్న చిప్ ముందు గేముల్లో 16 కోర్ల సర్వర్ వెనకబడుతుంది. రెండు ప్రాసెసర్లు ఉండటం కూడా ఆటలో అడ్డమే. ఒక్కో ప్రాసెసర్‌కు దాని ర్యామ్ దానికి ఉంటుంది. పక్క ప్రాసెసర్ దగ్గరున్న ర్యామ్‌లోంచి తెచ్చుకోవాలంటే మధ్యలో ఇంకో దారి దాటాలి, ఆలస్యం అవుతుంది.

64 జీబీ ర్యామ్ సంగతీ చూడాలి. అది ఈసీసీ రకం. మామూలు ర్యామ్ ఒకసారికి 64 బిట్లు పంపితే ఇది 72 పంపుతుంది. ఆ పైన 8 బిట్లు తప్పులు పట్టుకోవడానికి. ఒక బిట్ తారుమారైతే అక్కడికక్కడే సరిచేస్తుంది, రెండు మారితే చెబుతుంది. నెలల తరబడి ఆగకుండా నడిచే బ్యాంకు సర్వర్‌కు అది ప్రాణం. మనం ఆడే గేములో ఒక బిట్ తప్పితే మహా అయితే గేము మూసుకుపోతుంది, మళ్ళీ తెరుస్తాం. పైగా ఆ ర్యామ్ రిజిస్టర్డ్ రకం, మామూలు మదర్‌బోర్డుల్లో పని చెయ్యదు. రేపు పెట్టె పోతే ర్యామ్ తీసి వేరే కంప్యూటర్లో వేసుకుందామన్న ఆశ కూడా లేదు.

గ్రాఫిక్స్ లేకుండా గేము లేదు. సర్వర్లో బొమ్మ కోసం ఉండేది పేరుకు ఒక చిప్. 2012 నాటి పేరున్న సర్వర్లలో చాలావాటిలో 1998లో వచ్చిన మాట్రాక్స్ జీ200 వంశపు చిప్పే ఉంది. సెట్టింగులు చూసుకోవడానికి అది చాలు. అసలు కార్డు విడిగా కొనుక్కోవాలి. ర్యాకులో పెట్టే పలుచని సర్వర్ అయితే, ఒక 'యూ' ఎత్తు అంటే 1.75 అంగుళాలే, మామూలు కార్డు అందులో పట్టనే పట్టదు. టెస్లా పేరుతో సర్వర్ గ్రాఫిక్స్ కార్డులు కూడా పాత బజారులో కనపడతాయి. ఎం40, కే80 లాంటివి, 24 జీబీ మెమరీ అంటారు. వాటికి మానిటర్ పెట్టుకునే రంధ్రమే లేదు, సొంత ఫ్యాను కూడా లేదు. దయచేసి వాటి జోలికి పోకండి.

కరెంటు, చప్పుడు. ఆ గోదాములో ఏ గేమూ ఆడకుండా ఊరికే ఉన్నప్పుడు మా మీటరు 150 వాట్లు చూపింది. తర్వాత మేము కొన్న డెస్క్‌టాప్ ఊరికే ఉన్నప్పుడు 35 చూపింది. తేడా 115 వాట్లు. రోజుకు 6 గంటలు వేసుకుంటే నెలకు 20 యూనిట్లు దాటుతుంది. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. దాటిన నెల బిల్లు కట్టవలసిందే. ఎండాకాలంలో రెండు ఫ్యాన్లు, ఒక కూలరు, ఒక ఫ్రిజ్ నడిచే ఇంట్లో ఈ 20 యూనిట్లు ఆ గీత దాటించవచ్చు. చప్పుడు గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. మనలో చాలామంది ఇళ్ళు ఒక గది, ఒక వంటిల్లు. మిల్లులో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన నాన్న పగలు నిద్రపోవాలి.

సాఫ్ట్‌వేర్ దగ్గర ఇంకో తలుపు మూసుకుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 2021లో వచ్చిన విండోస్ 11కు ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అనుమతి, టీపీఎం 2.0 కూడా ఉండాలి. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులు ఉన్నాయి, మాకూ తెలుసు. కానీ మా తమ్ముడి తమ్ముడు ఆడాలనుకున్నది వాలొరెంట్. విండోస్ 11లో ఆ గేము టీపీఎం, సెక్యూర్ బూట్ రెండూ ఉన్నాయో లేదో చూశాకే లోపలికి రానిస్తుంది. లైనక్స్ వేసుకుంటే చాలా గేములు నడుస్తాయి గానీ అది మాత్రం నడవదు. ఇంకొకటి, ఏవీఎక్స్2 అనే ఆదేశాల గుంపు జియాన్ ఈ5లో మూడో వెర్షన్ నుంచే ఉంది. మొదటి, రెండో వెర్షన్లలో లేదు. అది లేకపోతే కొన్ని కొత్త గేములు తెరుచుకోనే తెరుచుకోవు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకొని ఆ రాత్రి గదిలో కూర్చున్నాం. వాడు వాళ్ళమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. మేము చెప్పిందంతా ఆమె ఓపిగ్గా విన్నది. చివరికి ఒక్కటే అడిగింది. "బిడ్డా, మీరు సదువుకున్నోళ్ళు, అవన్ని నాకు తెల్వయి. గని అది కరాబైతే మిర్యాలగూడల బాగు చేసేటోళ్ళు ఉన్నరా?"

మేము రాసిన కాగితంలోని అంకెలన్నిటికంటే ఈ ప్రశ్న పెద్దది. మర్నాడు మిర్యాలగూడలో రెండు దుకాణాలకు ఫోన్ చేశాం. మామూలు డెస్క్‌టాప్‌కైతే పవర్ సప్లై, ర్యామ్, మదర్‌బోర్డు ఏది కావాలన్నా ఒకటి రెండు రోజుల్లో చూస్తామన్నారు. సర్వర్ అనగానే, హైదరాబాద్ తీసుకుపోవాలె అన్నారు ఇద్దరూ. సర్వర్లలో మదర్‌బోర్డు, పవర్ సప్లై, ఫ్యాన్ల కనెక్షన్లు అన్నీ ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటాయి. ఒకటి పోతే అచ్చం అదే తేవాలి. సుమారు 150 కిలోమీటర్లు, ముగ్గురు పడితే లేచే పెట్టె, హమాలీ ఒక రోజు కూలి, బస్సులో ఎక్కించుకుంటారో లేదో. ఊళ్ళో ఆ ఇంటికి అది మొదటి కంప్యూటర్. ఉన్నవాళ్ళ ఇంట్లో పాత సర్వర్ చెడిపోతే ఒక సరదా పోతుంది. ఇక్కడ లోను కిస్తీలు నడుస్తుండగా మూల మీద పెట్టె మీద గుడ్డ కప్పవలసి వస్తుంది. చవక అన్న మాటకు ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం ఉంటుందని మాకు ఆ ఫోన్లో తెలిసింది.

చివరికి కొన్నది ఏమిటంటే, ఒక ఆఫీసు వాడి తీసేసిన టవర్ డెస్క్‌టాప్. అందులో ఐ5-8500 ఉంది. 2018లో వచ్చింది, 6 కోర్లు, 4.1 గిగాహెర్ట్జ్ దాకా, 65 వాట్లు. ఎనిమిదో తరం కాబట్టి విండోస్ 11 దర్జాగా ఎక్కింది. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీతో 14,500 పడింది. దానికి వాడిన జీటీఎక్స్ 1650 కార్డు 7,500. ఈ కార్డులో విడిగా పవర్ వైరు అక్కర్లేని రకాలు ఉన్నాయి, స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే నడుస్తాయి. మనం వెతికి తీసుకోవలసింది ఆ రకమే, ఎందుకంటే ఆఫీసు డెస్క్‌టాప్‌ల పవర్ సప్లైలో ఆ వైర్లు సాధారణంగా ఉండవు. పాత మానిటర్ 3,500. కీబోర్డు, మౌస్, చిన్న యూపీఎస్ కలిపి 3,200. మొత్తం 28,700. మిగిలిన 6,300 సంఘం కిస్తీలకు అమ్మ చేతికే వెళ్ళాయి. ర్యామ్ 8 జీబీ తక్కువే, ఒప్పుకుంటాం. ఖాళీ స్లాటు ఉంది, ధరలు దిగాక ఇంకో 8 వేసుకోవచ్చు. ఇలాంటి పెద్ద కంపెనీ డెస్క్‌టాప్‌లలోనూ పవర్ సప్లై సొంత ఆకారంలోదే, అది దాచనక్కర్లేదు. కానీ దేశంలో ఆఫీసుల నిండా ఇవే ఉన్నాయి కాబట్టి పాత భాగాలు దొరుకుతాయి. కొనేటప్పుడు టవరే తీసుకోండి. సన్న పెట్టె అయితే పొట్టి కార్డులే పడతాయి, వాటి ధర ఎక్కువ.

డబ్బు కట్టే ముందు రోజు వాడు వాళ్ళమ్మతో, "అమ్మా, సదువుకే గాదు, గేములు గూడ ఆడుతం" అని చెప్పేశాడు. "ఆడుకోండ్రి, గని చెల్లెకు గూడ ఇయ్యుండ్రి" అన్నదట. ఇప్పుడు ఆ చెల్లె క్రికెట్ 07లో అన్నలిద్దరినీ ఓడిస్తోందని వింటున్నాం. ఆ గేముకు ఏ కంప్యూటరైనా చాలు, అది 2006లో వచ్చిందే. పోయిన నెల మూత విప్పి దుమ్ము తుడిచింది కూడా ఆమేనట.

మరి సర్వర్ సామాను పూర్తిగా పనికిమాలినదా అంటే, కాదు. రెండు చోట్ల మేమే కొనమని చెబుతాం. ఒకటి, వర్క్‌స్టేషన్ అనే టవర్ మిషన్లు. జియాన్ ఈ5-1650 మూడో వెర్షన్ లాంటి ఒక్క చిప్‌తో వస్తాయి. 2014 నాటిది, 6 కోర్లు, 3.8 గిగాహెర్ట్జ్ దాకా, ఏవీఎక్స్2 ఉంది, చప్పుడు తక్కువ, కార్డుకు కావలసిన పవర్ వైర్లు ఉంటాయి. విండోస్ 11 తంటా ఉన్నా, జీటీఏ 5 లాంటి గేములకు, బ్లెండర్ లాంటి పనులకు బాగుంటుంది. ధర మామూలు డెస్క్‌టాప్ కంటే బాగా తక్కువైతేనే సుమా. రెండోది, క్లౌడ్, నెట్‌వర్కింగ్ నేర్చుకునేవాళ్ళు. ఒకే పెట్టెలో పది వర్చువల్ మిషన్లు పెట్టి కలిపి విడదీసి నేర్చుకోవాలంటే 16 కోర్లు, 64 జీబీ నిజంగా పనికొస్తాయి. అలాంటివాళ్ళు ఇంట్లో కూడా సర్వర్ అనే చెప్పుకోవచ్చు, అబద్ధం కాదు. హాస్టల్ అంతా కలిసి ఆడటానికి మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెడదామని ఒకరిద్దరు తమ్ముళ్ళు అడిగారు. విచిత్రమేమిటంటే దాని ప్రధాన లెక్క కూడా, సెకనుకు 20 సార్లు తిరిగేది, దాదాపు ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. పేరుకు సర్వర్, గుణం గేముదే.

అసలు సర్వర్ ఉండవలసిన చోటు మన హాస్టల్. ఒకేసారి ముప్పై నలభై మంది పాత ప్రశ్నపత్రాలు, నోట్సు, వీడియో పాఠాలు తీసుకోవాలంటే, నెట్ బ్యాలెన్స్ లేనివాళ్ళకు కూడా అందాలంటే, లోపలి వైఫైకి కలిపిన ఒక పాత సర్వర్ చాలు. అక్కడ 16 మంది వంటవాళ్ళకూ పని దొరుకుతుంది. ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు మా మనవి ఇది: మీ కంపెనీలో తీసేస్తున్న సర్వర్ ఏదైనా ఉంటే, హార్డ్ డిస్కులు తీసి ఇచ్చినా ఫరవాలేదు, వార్డెన్ గారి పేరు మీద ఒక ఉత్తరం రాయించి పంపండి. పెట్టడానికి మెట్ల కింద సామాను గది చూసి ఉంచాం. అక్కడ విడిగా 15 ఆంపియర్ల ప్లగ్గు పాయింటు ఉంది, తలుపు కూడా మందమైనదే.